తెరకు పక్కగా కూర్చున్న రామతులసి

రామతులసి జాకెట్లు కుట్టేది. రామచంద్రపురంలో మా వీధి చివర, కోమలి టాకీసు వెనక గోడను ఆనుకుని రెండు గదుల పెంకుటిల్లు వాళ్ళది. ఇంట్లో అన్న బంగార్రాజు, వదిన. వరండాలో రామతులసి కుట్టుమిషను. హాల్లో ఫైటింగు మొదలైతే ఇక్కడ హుక్కుల డబ్బా గలగలలాడేది. తల్లీ తండ్రీ పోయాక అన్న దగ్గరే పెరిగింది. పొడవాటి మనిషి, మాట తక్కువ. మెడలో టేపు లేకుండా నేను ఆ పిల్లని చూసిన రోజు లేదు. నేను చెప్పబోయే ఆషాఢం తొంభై ఐదులో వచ్చింది. అప్పటికి తనకి ఇరవై ఆరేళ్ళు.

నేను అచ్చాయమ్మని. ఐదో తరగతి దాకా చదివాను. పక్కింట్లో పాలు పొంగితే ఏ గిన్నెలో పొంగాయో తెలుసుకునే దాకా నాకు అన్నం సహించదు. "నీకెందుకే ఆ గొడవంతా" అని మా ఆయన నలభై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. ఈ కథ రాస్తానని అడిగితే రామతులసి చాలాసేపు ఆలోచించి, "హాలు పేరూ మా పేర్లూ మార్చి రాయండి పెద్దమ్మగారూ" అంది. అలాగే మార్చాను.

కొత్త సినిమా వస్తే మా వీధి ఆడవాళ్ళంతా రామతులసి వరండాలోనే ఉండేవాళ్ళు. "రెండో పాటలో ఆవిడ వేసుకుందే, వీపు మీద ముడి ఉంటుంది చూడు, అలాంటిది కుట్టవే" అని ఒకరు, "చేతులు బుట్టలాగా రావాలి" అని ఒకరు. అందుకని ప్రతి సినిమా రెండు మూడుసార్లు చూడాల్సి వచ్చేది తనకి. కాగితమూ పెన్సిలూ తీసుకెళ్ళేది కాదు. చీకట్లో మోకాలి మీద చీర మడతపెట్టి, తెర మీద మెడ వంపు ఎలా తిరిగితే అలా గోటితో గీసుకునేది. ఇంటికొచ్చి ఆ గీత చెరిగిపోకముందే పాత పేపరు మీద పరిచి కత్తిరించేది. ఆ జాకెట్టు వేసుకుంటే ఎంత వయసువాళ్ళకైనా నడుము నిటారుగా నిలబడేది. నాకు యాభై నిండాక కూడా కుట్టించుకున్నాను, ఎందుకు దాచాలి.

కోమలి టాకీసులో ఆడవాళ్ళ బెంచీలకీ మగవాళ్ళ బెంచీలకీ మధ్య ఛాతీ ఎత్తు అరగోడ ఉండేది. ఆడవాళ్ళ వాకిలి దగ్గర రత్తమ్మ టిక్కెట్లు చింపేది. చేతిలో టార్చి, నోట్లో కిళ్ళీ. "ఇది పని మీద వచ్చిందమ్మా, జరగండి" అని రామతులసిని ఎప్పుడూ ఒకే చోట కూర్చోబెట్టేది. వెనక బెంచీ చివర, గోడ వార. రామతులసి అక్కడ వీపు పక్కగోడకి ఆనించి, కాళ్ళు బెంచీ మీద ముడుచుకుని కూర్చునేది. అంటే తెర తన ఎడమ భుజానికి పక్కగా ఉండేది. అందరం ముందుకు చూస్తూ ఉంటే ఈ పిల్ల ఒక్కతీ అడ్డంగా.

"ఏమే, మెడ పట్టెయ్యదా?" అని ఒకసారి అడిగాను.

"వీపు గీత ఇలా అయితేనే బాగా తెలుస్తుంది పెద్దమ్మగారూ."

పనివాళ్ళ తీరు పనివాళ్ళది అనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేదు గానీ, తర్వాత ఏం జరుగుతుందో చూడాలని ఆ రోజు తెర నన్ను లాగేసింది.

రత్తమ్మ మేనకోడలు లావణ్య ఆ వేసవిలో వచ్చింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి కుట్టుపని నేర్చుకోవడానికి. వాళ్ళ నాన్న పడవ మీద వేటకి వెళతాడు, అమ్మ చేపల తట్ట అమ్ముతుంది. లావణ్య నవ్విందంటే వీధి మొదట్లో సోడా బండివాడు తలెత్తి చూసేవాడు. కాజాలు కుట్టడం, హుక్కులు వెయ్యడం నెలలో పట్టేసింది. ఇద్దరూ కలిసే సినిమాకి వెళ్ళేవారు. లావణ్య అందరిలాగే తెరకెదురుగా కూర్చుని, ఏడుపొస్తే ముక్కు చీదుకుంటూ, నవ్వొస్తే ముందు బెంచీ వాళ్ళ వీపు చరుస్తూ చూసేది. రామతులసి పక్కన గోడకానుకుని ఉండేది. నేను వాళ్ళ పక్కనెప్పుడూ లేను, ముందు బెంచీలో ఉండేదాన్ని. అందుకే చాలా రోజులు నాకేమీ తెలియలేదు.

ఆషాఢంలో అమ్మవారి సినిమా వచ్చింది.

అప్పట్లో అమ్మవారి సినిమాలకి హాళ్ళే గుళ్ళయిపోయేవి. మేనేజరు చంద్రరావు గుమ్మానికి వేపమండలు కట్టించాడు. లోపల అమ్మవారి పటం పెట్టి పసుపు కుంకుమలు పోయించాడు. మేం చెప్పులు బయటే వదిలి వెళ్ళేవాళ్ళం. ఆఖరి రీల్లో డప్పులు మొదలై అమ్మ కళ్ళు తెరిచేసరికి, రత్తమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఆడవాళ్ళ బెంచీల మధ్య నుంచి తెర దాకా హారతి తీసుకెళ్ళాలి. అది చంద్రరావు ఏర్పాటు. ఆ డప్పులకి ఎవరో ఒకరికి పూనకం వచ్చేది. ముందు ఊపిరి బుసలు కొట్టడం, తర్వాత జుట్టు ముడి విడిపోవడం, తర్వాత ఊగడం.

పూనకానికి మాకో పద్ధతుంది. వెనక నుంచి పడిపోకుండా పట్టుకునే మనిషి ఒకరు, ప్రశ్న అడిగే ముత్తైదువ ఒకరు. ముందు "ఎవరివి తల్లీ?" అనడగాలి. అమ్మ పేరు చెబుతుంది. తర్వాత "ఎందుకొచ్చావు, ఏం కావాలి?" అనాలి. చీరో, గాజులో, చలిమిడో అడుగుతుంది. ఇస్తామంటే దిగిపోతుంది. పేరు చెప్పకపోతే వచ్చింది అమ్మ కాదు, ఏదో గాలి. మా వీధిలో ప్రశ్న అడిగేది ఎప్పుడూ నేనే. నోరున్నదాన్ని గదా.

మొదటి శుక్రవారం మ్యాట్నీకి హాలు కిటకిటలాడిపోయింది. ఆ రోజు నాకు ముందు చోటు దొరక్క, వెనక బెంచీలో లావణ్యకి ఇవతల కూర్చున్నాను. డప్పులు మొదలయ్యాయి. హాలంతా గాలి పట్టిన చేనులా ఊగుతోంది. లావణ్యకి భయం వేసినట్టుంది, రామతులసి భుజం మీదకి ఒరిగింది. అంతవరకే నేను చూశాను. ఆ తర్వాత అమ్మ కళ్ళు తెరిచింది, నేను చేతులు జోడించాను.

బెంచీ అదరడం మొదలుపెట్టింది. ఎవరా అని తిరిగేసరికి రత్తమ్మ హారతితో మా పక్కకి వచ్చింది. కర్పూరం వెలుగు సరిగ్గా వాళ్ళ మీద పడింది. రామతులసి పమిట కింద లావణ్య చెయ్యి. ఆ చేతిని రామతులసి రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాయి. పెదవులు తెల్లబడిపోయాయి, ఒళ్ళంతా వణుకుతోంది. చూపు తెర మీద లేదు, లావణ్య ముఖం మీద ఉంది. వెలుగు పడగానే ఆ చూపు రత్తమ్మ వైపు తిరిగింది. కొట్టంలోకి పాము దూరితే ఆవు చూస్తుందే, అలా.

రత్తమ్మ చేతిలో పళ్ళెం ఊగింది. ఒక్క క్షణం ఏమంటుందో నాకు తెలియలేదు. తర్వాత గొంతు చించుకుని అరిచింది.

"అమ్మొచ్చింది! రామతులసికి అమ్మొచ్చింది! నా మేనకోడలి చెయ్యి పట్టేసుకుంది తల్లి!"

అంతే, బెంచీలన్నీ మా మీదకి విరుచుకుపడ్డాయి. పసుపు నీళ్ళు చల్లేవాళ్ళు చల్లుతున్నారు, కాళ్ళకి మొక్కేవాళ్ళు మొక్కుతున్నారు. రామతులసి చెయ్యి వదలడానికి చూస్తోంది, వేళ్ళు బిగుసుకుపోయి రావడం లేదు. నన్ను ముందుకి తోశారు.

"ఎవరివి తల్లీ?" అనడిగాను.

జవాబు లేదు.

"పేరు చెప్పు తల్లీ."

నోరు తెరిచింది, మూసింది. సినిమా అయిపోయింది, దీపాలు వెలిగాయి. పేరు రాలేదు.

మర్నాటికి ఊరంతా ఇదే మాట. అమ్మ కోపంగా ఉంది గనక మాట్లాడలేదని సగం మంది, అమ్మే అయితే పేరు చెప్పడానికేం అని సగం మంది. బంగార్రాజు రెండు పూటలు ఇంట్లోకీ వీధిలోకీ తిరిగాడు. చెల్లెలికి మండపేట సంబంధం ఖాయం చేసి ఉన్నాడు, శ్రావణంలో ముహూర్తం. పెళ్ళివాళ్ళ చెవిన గాలి అన్న మాట పడితే అంతే సంగతులు. చివరికి మా అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, వచ్చే శుక్రవారం అదే ఆటకి తీసుకెళ్దాం. నువ్వే అడుగు. అమ్మయితే పేరు చెప్తాది, ఏం కావాలో ఇచ్చి పంపేద్దాం. చెప్పకపోతే మాత్రం..."

"చెప్పకపోతే?"

"ఏటి అవతల లంకలో తాతాజీ ఉన్నాడు గదా. రేవు దాటించేస్తాను."

తాతాజీ దెయ్యాలు వదిలిస్తాడు. తడి తాడుతో స్తంభానికి కట్టి, మిరపకాయల పొగ పట్టి, చింత బరికెతో కొడతాడని చెప్పుకునేవారు. చెప్పుకోవడమేంటి, మా వీధిలోనే పాపాయి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట పెళ్ళొద్దని ఏడ్చి ఏడ్చి పడిపోతుంటే లంకకి తీసుకెళ్ళారు. తిరిగొచ్చింది. ఏడుపు మానేసింది నిజమే. ఇప్పుడు గుమ్మంలో కూర్చుంటుంది, పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. ఈగ వాలినా తోలుకోదు. నయమైపోయిందని వాళ్ళమ్మ అందరికీ చెబుతుంది.

"ఆ లావణ్య?" అనడిగాను.

"దాన్ని వాళ్ళ ఊరు పంపెయ్యమన్నాను. రత్తమ్మత్త శుక్రవారం దాకా ఆగమంది. అమ్మ చెయ్యి పట్టింది గదా, అప్పుడే పంపితే ఏమవుద్దో అని భయం."

ఇక నేను ఆగగలనా. మధ్యాహ్నం అందరూ పొలంలో నాట్ల దగ్గర ఉన్నప్పుడు, జాకెట్టు గుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని రామతులసి వరండాలోకి వెళ్ళాను. మిషను మీద గుడ్డ ఉంది, చక్రం తిరగడం లేదు. హాల్లోంచి అవే డప్పులు గోడలో నుంచి వస్తున్నాయి. డప్పు పడ్డప్పుడల్లా ఆ పిల్ల భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"కొలత తియ్యవే" అన్నాను.

టేపు నా ఒంటి చుట్టూ తిప్పింది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"వచ్చింది అమ్మ కాదు గదా?" అన్నాను నెమ్మదిగా.

టేపు కింద పడింది. వంగి తీసుకోలేదు. నా కాళ్ళ దగ్గరే కూలబడి, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"చెప్పొద్దు పెద్దమ్మగారూ. అన్నయ్యకి చెప్పొద్దు. మీ కాళ్ళు మొక్కుతాను."

"నేనేం చెప్పనులే. ముందు నాకు చెప్పు. కడుపుబ్బి చచ్చిపోతున్నాను ఇక్కడ."

ఏడుస్తూనే నవ్వొచ్చింది దానికి. తర్వాత చెప్పింది. ఒకేసారి కాదు. మధ్యమధ్య వీధిలోకి చూస్తూ, సైకిలు బెల్లు వినిపిస్తే ఆపేస్తూ చెప్పింది.

"చిన్నప్పటి నించీ అంతేనండి. తెర మీద ఆవిడ తల తిప్పితే నా మెడ లాగుతుంది. ఆవిడ వానలో తడిస్తే నా వీపు చల్లబడుతుంది. హీరో వస్తే మీరందరూ ముందుకి వంగుతారు చూడండి, బెంచీ కిర్రుమంటుంది. అప్పుడు నాకు ఒళ్ళు వెనక్కి లాక్కుంటుంది. అందరికీ ఇంతేనేమో, ఎవరూ పైకి చెప్పుకోరేమో అనుకునేదాన్ని. వీపు గీత కోసం పక్కకి కూర్చుంటున్నానని నాకు నేనే చెప్పుకున్నాను."

"మరి?"

"లావణ్య వచ్చాక తెర చూడ్డం మానేశానండి. తెర వెలుగు దాని ముఖం మీద పడుతుంది గదా. ఎర్రగా అవుతుంది, నీలంగా అవుతుంది. అది ఏడిస్తే సినిమాలో ఏడుపొచ్చిందని తెలుస్తుంది, నవ్వితే నవ్వొచ్చిందని తెలుస్తుంది. మీ అందరికీ సినిమా ఎదురుగా ఉంటుంది. నాకు పక్కన ఉంటుంది, అంతే." వీధిలోకి చూసింది. "ఆ రోజు అదే నా చెయ్యి పట్టుకుంది పెద్దమ్మగారూ. భయమేసి పట్టుకుంది. భయం పోయినా వదల్లేదు. నాకు ఒళ్ళంతా ఏమయిపోయిందో తెలీలేదు."

ఇలాంటిది విని ఉండకపోలేదు, కానీ మా వాడుకలో దానికి పేరు లేదు, ఉన్నవి తిట్లే. నాకు భయం వేసింది. ఆ పిల్లని చూసి వేసిందో, ఆ పిల్లకి ఏమవుతుందోనని వేసిందో అప్పుడు విడదీసి చూసుకోలేదు.

"లావణ్యకి?" అన్నాను.

"దానికీ అంతే." ఇంత చిన్నగా అంది.

"అయితే శుక్రవారం ఏదో ఒక అమ్మ పేరు చెప్పేసెయ్యి. చీర అడిగేసి దిగిపో. పీడ వదిలిపోతుంది."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అమ్మ పేరు మీద అబద్ధమా? నా నాలిక పడిపోదూ? చేతులు పడిపోతే నేనేం పెట్టి కుట్టుకోవాలి? అమ్మనీ మోసం చేసి, అన్నయ్యనీ మోసం చేసి... నా వల్ల కాదండి." కింద పడ్డ టేపు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది. "నిజం చెబితే లావణ్యని కొట్టి చంపేస్తారు. ఏమీ చెప్పకపోతే తాతాజీ దగ్గరికి పంపుతారు. పాపాయిని నేను రోజూ చూస్తూనే ఉన్నాను గదండీ, గుమ్మంలో."

నేను జాకెట్టు గుడ్డ అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాను. ఆ వారమంతా అన్నం మింగుడుపడలేదు. మా ఆయన "వీధిలో ఎవరింట్లో ఏమైంది?" అని ఆయనే అడిగారు, అంటే నేను ఎలా ఉన్నానో చూసుకోండి. అమ్మవారి పటం ముందు దీపం పెట్టబోయి ఆగిపోయాను. తల్లీ, నీ పేరుతో నాటకం ఆడమని చెప్పాను, నా నాలిక సంగతేంటి అనుకున్నాను. రెండు దారులూ మూసే ఉన్నాయి. పేరు చెబితే అమ్మకి కోపం, చెప్పకపోతే తాతాజీ.

శుక్రవారం వచ్చేసింది. వాన. చంద్రరావు సైకిలు రిక్షాలో మైకు పెట్టించి ఊరంతా తిప్పాడట, అమ్మ మళ్ళీ మాట్లాడబోతోందని. బెంచీలు చాలక జనం నడవాల్లో కూర్చున్నారు. అరగోడ మీద మగవాళ్ళు మోచేతులు ఆనించి వరసగా నిలబడ్డారు. బంగార్రాజు ముందే ఉన్నాడు. బయట రిక్షా సిద్ధంగా ఉంచాడు, రేవుకి పోవడానికి. ఆ రిక్షాలో చుట్టిన తాడు నేను చూశాను.

రామతులసిని ఎప్పటి చోటే కూర్చోబెట్టారు. తలస్నానం చేయించి, పసుపు రాసి, వేపాకు జడలో పెట్టారు. లావణ్యని పక్కన కూర్చోమన్నారు. మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ పెట్టుకుని కూర్చున్నారిద్దరూ. సినిమా నడుస్తోంది, ఒక్కరూ చూడటం లేదు. ఆ హాల్లో ఆడామగా అంతా మెడలు తిప్పి వెనక గోడ వైపే చూస్తున్నారు. అమ్మవారు తెర మీద ఏడుస్తోంటే ఎవరికీ పట్టలేదు. ఆ వేళ కోమలి టాకీసులో తెర అందరికీ పక్కనే ఉంది.

డప్పులు మొదలయ్యాయి. రత్తమ్మ కర్పూరం వెలిగించింది.

రామతులసి కదలలేదు. రాయిలా ఉండిపోయింది. నుదుటి మీద పసుపు చెమటతో కరిగి కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడం లేదు. అరగోడ అవతల ఎవడో "గాలే రా" అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. బంగార్రాజు గోడ ఎక్కబోయాడు. అది చూసింది రామతులసి. అప్పుడు మొదలైంది వణుకు. ముందు గడ్డం, తర్వాత భుజాలు, తర్వాత బెంచీ.

"వచ్చింది! అడుగక్కా!" అని రత్తమ్మ నా వీపు మీద చరిచింది.

వెళ్ళి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ పిల్ల కళ్ళు నా నోటినే చూస్తున్నాయి. నా నోట్లోంచి వచ్చే మొదటి ముక్క కోసం. "ఎవరివి" అన్నది నాలిక చివర దాకా వచ్చింది. అమ్మవారి ముందు నాకు తెలిసిన పద్ధతి అది ఒక్కటే. నేను ఆ మాట మింగేశాను.

"ఏం కావాలి తల్లీ?" అన్నాను.

"పేరడగవేంటక్కా!" రత్తమ్మ.

"ప్రశ్న నాదా నీదా? నువ్వు హారతి చూసుకో." మళ్ళీ రామతులసి వైపు తిరిగాను. "ఏం కావాలో అది చెప్పు. ఉన్నది చెప్పు, చాలు."

ఆ పిల్లకి అర్థమైంది. అబద్ధమాడమని నేను అడగడం లేదని అర్థమైంది. గుక్కతిప్పుకుని, చెయ్యి చాచి, ఆ ఖాళీ దాటించి, అంతమంది ముందూ లావణ్య చెయ్యి పట్టుకుంది.

"ఇది కావాలి." గొంతు బొంగురుగా ఉంది. "ఈ చెయ్యి వదలను. వదిలించొద్దు."

డప్పులు మోగుతూనే ఉన్నాయి.

"ఇంకా?" అన్నాను.

"నా మిషను. నన్ను ఎవరికీ ఇవ్వొద్దు. పంపొద్దు."

లావణ్య లేచింది. ఏం చేస్తుందో అని నా ప్రాణం పోయింది. రామతులసికీ గోడకీ మధ్య దూరి, పూనకం వచ్చినవాళ్ళని పట్టుకున్నట్టే నడుము చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది. రత్తమ్మకి అది చాలింది.

"పట్టుకునే మనిషిని అమ్మే కోరుకుంది! నా మేనకోడల్నే కోరుకుంది!" అని ఏడ్చేసి నేల మీద పడి మొక్కింది. వెనకే బెంచీలన్నీ మొక్కాయి. గోడ మీద బంగార్రాజు అలాగే ఉండిపోయాడు. తర్వాత వాడూ కిందికి దిగి చెంపలు వేసుకున్నాడు. మండపేట వాళ్ళకి వారంలోగా కబురు వెళ్ళింది, అమ్మ కోరుకున్న పిల్లని ఇవ్వలేమని.

నాకు ఆ రాత్రి నిద్ర లేదు. నాలిక చివర పళ్ళతో నొక్కి చూసుకుంటూ పడుకున్నాను, ఉందా లేదా అని.

వారం పోయాక వరండాలో అడిగాను. ఉండబట్టలేదు.

"ఆ వణుకు నిజమేనా?"

"నిజమేనండి. భయం. అన్నయ్య గోడెక్కుతుంటే తాడు గుర్తొచ్చింది." దారం పంటితో కొరికి, తలెత్తకుండా అంది. "మొదటి రోజుదీ, ఆ రోజుదీ ఒకేలా ఉంది కదండీ పైకి?"

ఒకేలానే ఉంది. మా కళ్ళకి రెండూ అమ్మే.

లావణ్య ఆ ఇంటికే వచ్చేసింది. వరండా పక్క గదిలో ఇద్దరూ ఉండేవారు. బంగార్రాజు గడప అవతల నుంచే పలకరించేవాడు. కానీ సినిమా వెళ్ళిపోయినా జనం వెళ్ళలేదు. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని వరండా ముందు కూర్చునేవారు. పిల్లలు పుడతారా, నాన్నకి జబ్బు తగ్గుతుందా అని. రామతులసి ఎవరికీ ఏమీ జోస్యం చెప్పలేదు, ఒట్టు. నేను "ఏం కావాలి తల్లీ" అనేదాన్ని, తను లావణ్య చెయ్యి పట్టుకుని "ఇది చాలు" అనేది. వాళ్ళకి కావలసిన అర్థం వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయేవారు. కానీ గురువారం మధ్యాహ్నం నుంచే ఆ పిల్లకి ముద్ద దిగేది కాదు. శుక్రవారం వణుకు కోసం తను ఏమీ చెయ్యాల్సిన పని లేదు, అదే వచ్చేది. నేను ఒక్క శుక్రవారం కూడా ఊరు దాటలేదు. నేను లేకపోతే ఎవరో ఒకరు పేరు అడుగుతారు. మనవరాలి ఓణీల పండక్కి కూడా వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పని చెప్పాను.

ఆరేళ్ళు గడిచాయి అలా. తర్వాత ఒక వానాకాలం నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. వరండాలో ఏం జరిగిందో నాకు కబురు తెలిసేసరికి శుక్రవారం అయిపోయింది. రత్తమ్మ ముచ్చటపడి నా చోట్లో కూర్చుందట. "ఎవరివి తల్లీ?" అని అడిగిందట. ఒకసారి కాదు, సాయంత్రం దాకా అడుగుతూనే ఉందట. రామతులసి నోరు తెరవలేదు. జనంలో ఎవరో మళ్ళీ లంక పేరు ఎత్తారు.

మర్నాడు తెల్లారి లావణ్య మా కిటికీ దగ్గరికొచ్చింది. "వెళ్ళిపోతున్నామండి పెద్దమ్మగారూ. మొదటి బస్సుకి." మంచం మీద నుంచి చూశాను. వీధిలో రామతులసి నిలబడి ఉంది, రిక్షాలో కుట్టుమిషను. ఇటు రాలేదు. బస్టాండు వైపు పదిసార్లు చూసింది.

రాజమండ్రిలో వాళ్ళకిప్పుడు చిన్న షాపుంది. అక్కడ రామతులసి అంటే జాకెట్లు బాగా కుట్టే మనిషి, అంతే. పోయినేడాది ఆసుపత్రి పని మీద వెళ్ళి రెండు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాను. లావణ్య పట్టుబట్టి సినిమాకి తీసుకెళ్ళింది. అక్కడ అరగోడ లేదు, ఆడా మగా పక్కపక్కనే, చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. పక్కకి తిరిగి కూర్చోవడానికి వీల్లేని కుర్చీలు. అయినా రామతులసి తల పక్కకే ఉంది. తెర వెలుగు లావణ్య ముఖం మీద ఎర్రగా, నీలంగా పడుతోంది. కుర్చీ చేతి మీద ఇద్దరి చేతులూ కలిసే ఉన్నాయి.

సినిమాలో ఏదో జాతర వచ్చింది. డప్పులు మోగాయి.

రామతులసి చటుక్కున చెయ్యి లాగేసుకుంది. ఒళ్ళో పెట్టుకుని పమిటతో కప్పేసింది. తల వెనక్కి తిప్పి వాకిలి వైపు చూసింది. మా వెనక ఎవరో పిల్లలు పాప్‌కార్న్ తింటున్నారు, అంతే. లావణ్య తెర నుంచి చూపు తిప్పకుండానే ఆ పమిట కిందికి చెయ్యి పోనిచ్చింది.

డప్పులు ఆగేదాకా రామతులసి వాకిలి వైపే చూస్తూ ఉంది. నేనూ అటే చూశాను.